పదకొండో నంబరు చొక్కా మీద పేరు

మా కాలేజీలో ఫుట్‌బాల్ ఎందుకు ఆగిపోయిందని ఎవరినడిగినా ఒకటే చెబుతారు. "ఎవడో కుర్రాడు మారుపేరుతో ఆడాడంట, యూనివర్సిటీ వాళ్ళు పట్టుకున్నారంట, దాంతో జట్టు పోయింది." టీ కొట్లో చెబుతారు. పూర్వ విద్యార్థుల సభలో చెబుతారు. నా ఎదురుగానే చెబుతారు. నేను వింటూ టీ తాగేవాణ్ణి. ఏడేళ్ళు అలాగే తాగాను.

అది అబద్ధం. ఆ అబద్ధం కింద సంతకం నాది.

ఫిజికల్ డైరెక్టరుగా ఇరవై రెండేళ్ళు చేసి, సర్వీసు ఇంకా మిగిలుండగానే పోయినేడు మానేశాను. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లలు ఇది చదవాలని రాస్తున్నాను. నీతులు చెప్పే అర్హత నాకు లేదు. నాకున్నది కోపం. ముందు నా మీద, తర్వాత మిగతా వాళ్ళ మీద. ఆ వరస తప్పకుండా రాయాలని చూస్తాను. తప్పితే మీరే సరిచేసుకుని చదవండి.

నేను చేరిన కొత్తల్లో జట్టు కోసం కుర్రాళ్ళని వెతకాల్సిన పనిలేదు. జూన్‌లో అడ్మిషన్లు మొదలవగానే వాళ్ళే వచ్చి నా గది ముందు వరసగా నిలబడేవాళ్ళు. ఇరవై మంది కావాలంటే అరవై మంది వచ్చేవాళ్ళు. తర్వాత గ్రౌండే లేని కార్పొరేట్ కాలేజీలు వచ్చాయి. రెండేళ్ళు మూడంతస్తుల మేడలో కూర్చోబెట్టి చదివించిన పిల్లాడు డిగ్రీలో చేరేటప్పటికి వాడికి పరుగెత్తడం కూడా కొత్తే. పైగా మా కరస్పాండెంటు గారు పక్కనే ఇంజినీరింగ్ కాలేజీ పెట్టారు. దాని బస్సులు నిలపడానికి మా గ్రౌండులో సగం పోయింది. మిగిలిన సగంలో పెళ్ళి భోజనాలు. ఒకసారి నేను ప్రాక్టీసుకి వెళ్ళేసరికి గోల్ పోస్టుకి షామియానా తాళ్ళు కట్టి, కింద గాడిపొయ్యి తవ్వుతున్నారు. ఏందయ్యా ఇదని వంటవాణ్ణి అడిగితే, "రేపు పూడ్చేస్తాం లెండి సార్" అన్నాడు. పూడ్చలేదు. ఆ గుంటలోనే మా బ్యాక్ ఆడే కుర్రాడు మడమ బెణికించుకున్నాడు.

మూడేళ్ళు వరసగా మొదటి రౌండులోనే ఓడి ఇంటికొచ్చాం. నాలుగో ఏడు కరస్పాండెంటు గారు పిలిపించారు. "మాస్టారూ, ఈసారి సెమీస్ దాటకపోతే ఫుట్‌బాల్ తీసేద్దాం. ఆ స్పోర్ట్స్ సీట్లు షటిల్‌కి ఇద్దాం. ఇండోర్ కాబట్టి ఫొటోలు కూడా బాగా వస్తాయి" అన్నారు. ఆయన హాస్యమాడలేదు.

అందుకే ఆ వేసవి బండేసుకుని ఊళ్ళమ్మట పడ్డాను. ప్రత్తిపాడు చుట్టుపక్కల మిరప కల్లాలు అప్పుడు జోరుగా ఉంటాయి. ఆ ఘాటుకి దగ్గకుండా మాట్లాడటం బయటివాళ్ళకి చేతకాదు. నేను కర్చీఫ్ కట్టుకుని కల్లం గట్టు మీద నిలబడితే, లోపల తాలు కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.

"బంతాడితే డిగ్రీ ఇస్తారంటమ్మా ఈ సారు!"

"మరి మా ఆయన పేకాడతాడు సారూ, ఆయనకేం ఇస్తారు?"

రైతుల ఇళ్ళలో అయితే ఎంసెట్ ర్యాంకు గురించి తప్ప మాట లేదు. ఒకాయన నన్ను చక్కగా కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, "మావాణ్ణి ఆట మాన్పించడానికి ఏదన్నా ఉపాయం చెప్పండి మాస్టారూ" అని అడిగాడు.

నా జట్టుకి కుర్రాళ్ళు దొరికింది పల్లెల్లో, చర్చి పక్కన ఖాళీ జాగాల్లో. ఆదివారం ఆరాధన అవగానే తెల్లచొక్కాలు విప్పి గోడ మీద వేసి, ఉత్త కాళ్ళతో ఆడేవాళ్ళు. అక్కడే చూశాను అతన్ని. ఎడమ కాలితో బంతిని గీత వెంట తీసుకుపోతుంటే వెనక పడ్డ ఇద్దరూ పరుగాపి నడుం మీద చేతులు పెట్టుకున్నారు. ఇంటర్ పాసై కూలికి పోతున్నాడు. తర్వాత మా జట్టులో అతని నంబరు పదకొండు. ఇక్కడ అతన్ని పదకొండు అనే అంటాను.

వాళ్ళమ్మ కల్లంలోనే ఉంది. కొడుకుని పిలిచింది, బైబిల్లో ఉన్న పేరుతో. అతను తెచ్చిన టీసీలో చూస్తే వేరే పేరుంది. వాళ్ళ తాతల కాలంలో పెట్టుకునే దేవుడి పేరు. నేను కాగితం మీంచి తలెత్తి చూశాను.

"అది బడి పేరండీ" అంది ఆవిడ. "ఇది మన పేరు."

ఈ సంగతి తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. మా వైపు చాలా ఇళ్ళలో పిల్లలకి రెండు పేర్లుంటాయి. పాస్టరు గారు ప్రార్థన చేసి పెట్టేది ఒకటి, బళ్ళో రాయించేది ఇంకోటి. ఎందుకని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. కులం సర్టిఫికెట్, హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్ అన్నీ బడి పేరు మీదే ఉంటాయి. దేవుణ్ణి మార్చుకుంటే ఉండే వాడ మారదు. ఊళ్ళో పిలిచే పిలుపు మారదు. కల్లంలో నీళ్ళు పోసే తీరు మారదు. ఎస్సీ అన్న కాగితం ఒక్కటే చెల్లకుండా పోతుంది. ఇదెక్కడి లెక్కో చట్టాలు రాసినవాళ్ళు చెప్పాలి. నేను చెప్పలేను. నాక్కూడా రెండు పేర్లున్నాయి. నేను బడి పేరుతో, రిజర్వేషన్ రోస్టర్‌లో వచ్చిన పోస్టులో ఉద్యోగం చేశాను. ఇంట్లో మా అమ్మ చనిపోయేదాకా ఇంకో పేరుతో పిలిచింది.

కాబట్టి పదకొండు సంగతి నేను ఇంకేమీ అడగలేదు. టీసీలో పేరుతో అప్లికేషన్ నింపాను. ఆవిడ ఒక్కటే అడిగింది: "మావాడికి అక్కడ ఎవురూ లేరండీ. మీరు చూసుకుంటారా?"

"చూసుకుంటానమ్మా" అన్నాను.

ఆ ఏడు జట్టు మళ్ళీ ఊపిరి పీల్చుకుంది. పాతవాళ్ళు ఏడుగురు, కొత్తవాళ్ళు నలుగురు. కెప్టెన్ లారీ డ్రైవరు కొడుకు, గొంతు పెద్దది. పదకొండుకి పాస్ ఆలస్యమైతే గ్రౌండు అవతలి వాళ్ళకి కూడా వినపడేలా తిట్టేవాడు, మధ్యాహ్నం అన్నం తన కంచంలోంచే పెట్టేవాడు. ఇద్దరూ హాస్టల్లో ఒకే గది. పొద్దున్నే బస్సులు రాకముందు ప్రాక్టీసు, సాయంత్రం బస్సులు పోయాక ప్రాక్టీసు. జోనల్ పోటీల్లో రెండు మ్యాచ్‌లు గెలిచాం. ఆ రెంటిలో ఐదు గోల్స్ కొడితే మూడు పదకొండువే.

గెలుపు వాసన తగలగానే కరస్పాండెంటు గారికి ఉత్సాహం వచ్చింది. సెమీఫైనల్‌కి కొత్త చొక్కాలు కావాలన్నారు. "వెనకాల పేర్లు ఉండాలి మాస్టారూ, టీవీలో చూపిస్తారే, అట్లా. అడ్మిషన్ల పాంప్లెట్ మీద వేద్దాం." అంతకుముందు మా చొక్కాల మీద నంబర్లే ఉండేవి.

ఒక తెల్లకాగితం జట్టులో తిప్పి, ఏ పేరు కావాలో రాయమన్నాను. గోలీ తన అభిమాన హీరో బిరుదు రాస్తే కొట్టేశాను. మిగతావాళ్ళు రాశారు. జట్టులో కెప్టెన్‌తో సహా ఇంకో నలుగురికి కూడా రెండు పేర్లున్నాయి. వాళ్ళు ఆలోచించకుండానే బడి పేర్లు రాశారు. కాలేజీ కాగితం అనగానే చెయ్యి దానంతటదే ఆ పేరు రాస్తుంది. నా చెయ్యీ అంతే.

పదకొండు మాత్రం రాయలేదు. అందరూ వెళ్ళాక సామాన్ల గదిలోకి వచ్చాడు. నేను బంతులకి గాలి కొడుతున్నాను.

"సార్, ఏది రాయమంటారు?"

"ఏదేందిరా?"

"అమ్మ సెమీస్ చూడ్డానికి వస్తానంటంది సార్. ఆమెకి నా బడి పేరు సరిగ్గా పలకడం కూడా రాదు."

నేను పంపు మీంచి తల కూడా ఎత్తలేదు. "నిన్ను ఏమని పిలుస్తారో అది రాయరా" అన్నాను.

అతని మొహం వెలిగింది. రాశాడు. ఆ కాగితం ప్రింటింగ్ షాపుకి పోయింది. యూనివర్సిటీకి పంపే ఫారం ఆఫీసులో గుమాస్తా టీసీలు చూసి నింపాడు. రెంటి మీదా సంతకం నేనే పెట్టాను. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవాడు చెయ్యాల్సిన పని అదొక్కటే, అదే చెయ్యలేదు.

సెమీఫైనల్ పొన్నూరు వైపు ఒక మైదానంలో. ముందురోజు వాన పడి నేలంతా జిగట. వాళ్ళమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళలో ఒకావిడ మనవరాలు ఆటో కట్టించుకుని వచ్చి గీత పక్కన పట్టా పరుచుకుని దాని మీద కూర్చున్నారు. చొక్కా మీద ఇంగ్లీషు అక్షరాలు. వాళ్ళమ్మకి చదవడం రాదు. పక్కావిడ మనవరాలితో చదివించుకుంది. చదివించుకుని కొంగు సర్దుకుంది.

ఇరవయ్యో నిమిషంలో పదకొండు గోల్ కొట్టాడు. మొదటి సగం అయ్యేసరికి ఒకటి సున్నాతో మేము ముందున్నాం.

అప్పుడు అవతలి జట్టు పీడీ నా దగ్గరికి వచ్చాడు. వాడూ నేనూ ట్రైనింగ్ కాలేజీలో ఒకే గదిలో ఉన్నాం. ఒకరి బూట్లు ఒకరు వేసుకున్నాం.

"ఏరా, మీ పదకొండోవాడి పేరు ఫారంలో ఒకటుంది, వీపు మీద ఒకటుంది. ఏందిది?"

"ఇంట్లో పిలిచే పేరేలే."

"ఇంట్లో పిలిచేదంటే చిన్నా, బుజ్జి అనుంటది. ఇదేం పేరు? సరే, రాసియ్యి. ఇది వాడికి చర్చిలో పెట్టిన పేరు అని రాసిచ్చి సంతకం పెట్టు. నేనిచ్చిన ప్రొటెస్ట్ కాగితం వాపసు తీసుకుంటా."

నవ్వుతూ అన్నాడు. వాడికి తెలియదా? ఈ జిల్లాల్లో నాతోపాటే పదిహేనేళ్ళు పిల్లల్ని ఆడించినవాడికి తెలియదా? వాడి సొంత జట్టులో లేరా అలాంటివాళ్ళు? అన్నీ తెలుసు. నేను రాయలేనని కూడా తెలుసు. గ్రౌండులో ఆపలేని కాలుని కాగితంతో ఆపాడు.

యూనివర్సిటీ పంపిన అబ్జర్వరు గారి గదిలో కూర్చున్నాం. ఆయనకి గొడవ పెట్టుకోవాలని లేదు, టైముకి ఇంటికి పోవాలని ఉంది. "ఏదో ఒకటి రాసివ్వండి మాస్టారూ. ఫొటో సరిపోతోంది. పేరు ఎందుకు తేడా వచ్చిందో మీరు రాస్తే చాలు" అన్నాడు. పదకొండు గుమ్మం దగ్గర నిలబడ్డాడు, మోకాళ్ళ దాకా బురద. నన్నే చూస్తున్నాడు. భయంగా కూడా కాదు. సార్ ఉన్నాడు కదా అన్నట్టు చూస్తున్నాడు.

కరస్పాండెంటు గారికి ఫోన్ చేశాను. "కాలేజీ మీదకి రాకూడదు మాస్టారూ. తప్పు కుర్రాడిదని రాసేసి బయటపడండి. అయినా మీ... వాళ్ళ వ్యవహారాలు మనకెందుకు?"

'మీ' దగ్గర ఆగి 'వాళ్ళ' అన్నాడు. నా సంగతి కూడా ఆయనకి తెలుసని ఆ ఆగిన చోట నాకు అర్థమైంది. చర్చి పేరు అని రాస్తే ఈ కుర్రాడి సర్టిఫికెట్ పోతుంది, హాస్టల్ సీటు పోతుంది, అందుకే రాయలేదని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగమే నిజం. ఆ ప్రశ్న అతనితో ఆగదని, పీడీ గారి ఇంట్లో ఆయన్ని ఏమని పిలుస్తారని ఎవడో ఒకడు అడుగుతాడని భయపడ్డాను. నేను కాపాడుకున్నది నన్ను.

రాశాను. ఇవీ ఆ వాక్యాలు, ఒక్క అక్షరం మార్చకుండా: "ఫారంలో ఉన్న పేరునే చొక్కాపై వేయించుకోవలసినదిగా ఆటగాళ్ళందరికీ స్పష్టంగా తెలియజేశాను. సదరు ఆటగాడు నా ఆదేశాన్ని పాటించలేదు. చొక్కాపై ఉన్న పేరు గురించి నాకు తెలియదు."

అబ్జర్వరు గారు పైకి చదివారు. పదకొండు విన్నాడు. "నేను సార్‌నడిగే రాశాను" అని ఒక్క మాట అనుంటే నా పని అయిపోయేది. అనలేదు. ఎందుకనలేదో ఏడేళ్ళపాటు అడగలేకపోయాను.

మ్యాచ్ వాళ్ళకి ఇచ్చేశారు. పదకొండుని యూనివర్సిటీ ఆటల నుంచి నిషేధించారు. కారణం అన్న చోట 'మారుపేరు' అని రాశారు.

వ్యాన్‌లో కెప్టెన్ ముందు సీటు నుంచి వెనక్కి తిరిగాడు. "ఒరేయ్, సారు చెప్పాడంట కదరా ఫారంలో పేరే రాయమని! మేమందరం రాశాం కదా! నీకొక్కడికే ఏం పుట్టింది? ఇప్పుడు మమ్మల్ని కూడా ఒక్కొక్కణ్ణి పిలిచి అడుగుతారు. మా సర్టిఫికెట్లు కూడా పోతే నీ చొక్కా చూసుకుని మురిసిపోతావా?"

ఇంకోడు అన్నాడు, "గొప్ప కోసంరా. వాళ్ళమ్మ ముందు గొప్ప కోసం."

నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. కిటికీలోంచి వరి చేలు చూశాను. తల తిప్పి ఒక్క మాట అనడానికి గుంటూరు దాకా టైముంది. ఇంకో సంగతి కూడా ఆ దారిలోనే తట్టింది: 'ముద్దుపేరు' అని రాసిచ్చి కూర్చుంటే ఎవరేం చేసేవాళ్ళు? ఏమీ చేసేవాళ్ళు కాదు. అబ్జర్వరు అదే అడిగాడు. ఒక్క పదంతో పోయేదానికి మూడు వాక్యాలు రాశాను.

వారంలో పదకొండు హాస్టల్ ఖాళీ చేశాడు. కెప్టెన్ అప్పటికే గది మార్చుకున్నాడు. మరుసటేడు ఫుట్‌బాల్ తీసేశారు. కారణంగా నా కాగితమే చూపించారు. షటిల్ జట్టు ఫొటోలు నిజంగానే బాగా వచ్చాయి. అవి తీయించింది కూడా నేనే.

ఉద్యోగం మానేశాక ధైర్యం వచ్చిందని అనుకోకండి. పోగొట్టుకోవడానికి పోస్టు లేదు, అంతే. జరిగింది జరిగినట్టు రాసి యూనివర్సిటీలో ఇచ్చాను. అక్కడ గుమాస్తా తిరగేసి చూసి, "పాతది కదండీ, ఇప్పుడెవరు చూస్తారు?" అని ముద్ర వేసి ఇచ్చాడు. దాని నకలు పట్టుకుని చీమకుర్తి వెళ్ళాను. పదకొండు అక్కడ ఒక గ్రానైట్ యూనిట్‌లో లోడింగ్ చూస్తున్నాడు. ఒళ్ళంతా రాతి దుమ్ము. నన్ను గుర్తుపట్టి, చెయ్యి తుడుచుకుని, టీ చెప్పాడు.

కాగితం చదివాడు. మడిచి నా చేతిలోనే పెట్టాడు.

"ఇది నాకెందుకు సార్? నేను అడిగే రాశానని నాకు తెలుసుగా."

"పేపర్లో కూడా రాద్దామనుకుంటున్నాను. నీ సర్టిఫికెట్‌కి ఏమన్నా..."

"దాంతో వచ్చిన ఉద్యోగం ఏం చేస్తన్నా సార్ నేను, పోవడానికి?" నవ్వాడు. ఆ నవ్వు చూడలేకపోయాను.

"ఆ రోజు ఎందుకు చెప్పలేదురా, సారే రాయమన్నాడని?"

లారీల వైపు చూస్తూ అన్నాడు. "మీరే చెప్తారనుకున్నా సార్. ఆ గదిలో కాకపోతే వ్యాన్‌లో. వ్యాన్‌లో కాకపోతే తెల్లారి. తర్వాత ఇంక అనుకోవడం మానేశా."

టీ గ్లాసు కింద పెట్టి మళ్ళీ అన్నాడు. "యూనివర్సిటీ వాళ్ళతో నాకేం పని సార్? మన కెప్టెన్ ఉన్నాడే, వాళ్ళ నాన్న లారీ తనే తోలతన్నాడు ఇప్పుడు. నెలకి రెండుసార్లు ఇక్కడికే వస్తాడు లోడుకి. నేనే ఎక్కిస్తా. క్యాబిన్‌లోంచి దిగడు. క్లీనర్ చేత చిట్టీ పంపిస్తాడు. మూడేళ్ళ నుంచీ అంతే. చెప్తే కెప్టెన్‌కి చెప్పండి."

ఆ సాయంత్రమే కెప్టెన్‌కి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. సామాన్ల గది, పంపు, నేనన్న మాట. అంతా విని అన్నాడు: "మీరు పెద్దమనసు సార్. వాడు వచ్చి బతిమాలుంటాడు, వాడి తప్పు మీ నెత్తిన వేసుకుంటన్నారు. నాకు తెలుసు సార్ మీరెట్టాంటోళ్ళో." ఫోన్ పెట్టేశాడు. తర్వాత రెండుసార్లు చేసినా ఎత్తలేదు.

ఇంత కోపం నాకు ఆ అబ్జర్వరు గదిలో వచ్చి ఉంటే బాగుండేది. నా అబద్ధం నమ్మినవాడు నా నిజం నమ్మడం లేదు. నేనెట్టాంటోణ్ణో తెలుసంట!

అందుకే ఇది అచ్చులో పెడుతున్నాను. ఆ రోజు వ్యాన్‌లో ఉన్న పదిమందికీ చెబుతున్నాను. మీలో ఎవరి చేతికి ఇది వచ్చినా కెప్టెన్‌కి చదివి వినిపించండి. ఒరేయ్, నా మనసు పెద్దది కాదు. వాడు గొప్పకి పోలేదు. నా మాట జవదాటలేదు. మిమ్మల్ని బజారుకీడ్చలేదు. మీ నలుగురి పేర్లు కూడా బయటికి రాకూడదనే ఆ గదిలో నోరు మూసుకున్నాడేమోనని నాకు ఇప్పుడనిపిస్తోంది. మళ్ళీ వెళ్ళి అది అడుగుదామంటే నాకు మొహం లేదు. నువ్వు అడగొచ్చు. నెలకి రెండుసార్లు వెళ్తున్నావు కదా. ఈసారి చీమకుర్తి వెళ్ళినప్పుడు క్లీనర్‌ని పంపకు. లారీ దిగు.